సర్వదేశ విద్యార్థి నిలయములు - సేవాశిక్షణము



అన్యదేశీయులను గూర్చి మనకుగల అభిప్రాయములలో పెక్కులు మనము చూచి తెలిసికొన్నవి కావు, వినికిడివలన గలిగినవి. ఒక జాతివారు క్రూరులనియు, వేఱొక జాతివారు సోమరులనియు, మఱియొకరు కపటులనియు సులభముగా చెప్పుకొనుచుందుము. అట్లు చెప్పుకొను జాతులలో ఒక్కరితోనైనను ఒక్కపూట కూర్చుండి భుజించియుండము. దేశములమధ్య యుద్ధములు పుట్టుటకు కారణము లనేకములు గలవు గాని, ఈ వినికిడిజ్ఞానము ఆ మంటలకు ఎండుపుల్లవలె ఉపకరించుచున్నదనుట నిశ్చయము. దీనిని మాన్పుటకు పాఠశాల యేమి చేయగలదు? ఈ ప్రశ్నకు సమాధానముగా వెలసినవే పలుదేశముల బాలబాలికలు ఒకేచోట వసించి చదువుకొను విద్యాలయములు. వానిలో మిక్కిలి ప్రసిద్ధములైన యునైటెడ్ వరల్డ్ కాలేజీల చరిత్రమును, వాని విధానమును, వానినుండి మనము నేర్చుకొనదగినదానిని ఈ పాఠమున వివరింపబూనితిమి.

మూలపురుషుడు

ఈ విద్యాలయముల భావమునకు మూలపురుషుడు కుర్ట్ హాన్. ఇతడు 1886వ సంవత్సరమున బెర్లిను నగరమున ఒక యూదుల కుటుంబమున జన్మించెను. మొదటి ప్రపంచయుద్ధము ముగియు దినములలో జర్మనీ ప్రధానమంత్రిగానుండిన బాడెను రాకుమారుడు మాక్సునకు ఇతడు కార్యదర్శి. యుద్ధానంతరము వారిరువురును గూడి 1920లో సాలెం అనుచోట, రాకుమారుని కోటలో, ఒక వసతి పాఠశాలను స్థాపించిరి. పరాజయమువలనను పగవలనను చెడిన దేశమును బాలుర శిక్షణముచే బాగుచేయవచ్చునని వారి ఆశయము.

1932లో జర్మనీయందు హిట్లరు పక్షమువారైన కొందఱు ఒక కార్మికుని అతని తల్లి యెదుటనే కొట్టి చంపిరి. హిట్లరు ఆ హంతకుల పక్షము వహించెను. అప్పుడు హాన్ తన పూర్వవిద్యార్థులకు జాబులు వ్రాసి, సాలెమునకు గాని హిట్లరునకు గాని ఎవరో ఒకరికే విశ్వాసపాత్రులై యుండవలెనని స్పష్టముగా తెలిపెను. ఫలితముగా 1933లో చెఱసాల పాలయ్యెను. బ్రిటిషు ప్రధానమంత్రి రామ్సే మాక్డొనాల్డు మున్నగువారి ప్రయత్నమువలన విడుదలనొంది బ్రిటనుకు వలసవెళ్లెను. 1934లో స్కాట్లండునందు గార్డన్‌స్టన్ పాఠశాలను నెలకొల్పెను.

యువజనులలో ఆఱు లోపములు పెరుగుచున్నవని హాన్ తలంచెను. శరీరదార్ఢ్యము తగ్గుట, స్వయముగా పూనుకొను చొరవ తగ్గుట, జ్ఞాపకశక్తియు ఊహాశక్తియు సన్నగిల్లుట, పనియందు నేర్పును శ్రద్ధయు క్షీణించుట, ఆత్మనిగ్రహము సడలుట, కనికరము చల్లారుట అనునవి యవి. ఈ యాఱింటిలో కడపటిదియే మిక్కిలి భయంకరమైనదని అతని మతము. మంచి సమరయుని ఉపమానమును అతడు తన ఉపన్యాసములలో తఱచు స్మరించుచుండెను. త్రోవప్రక్కన పడియున్నవానిని జూచి జాలిపడుట యొకటి, గాయము కట్టగల నేర్పు సంపాదించి దిగి కట్టుట యొకటి. రెండవది నేర్పనిచో పాఠశాల తన పని సగమే చేసినదగును.

సముద్రతీరమున కోట

1955లో హాన్ పారిసునందలి నాటో రక్షణ కళాశాలలో ప్రసంగించుటకు ఆహ్వానింపబడెను. పదేండ్లకు పూర్వము ఒకరినొకరు చంపుకొనిన దేశముల సేనాధికారులు అచ్చట ఒక్క బల్లయొద్ద కూర్చుండి చదువుకొనుటను జూచి అతడు ఆశ్చర్యపడెను. పెద్దవారికే యిది సాధ్యమైనయెడల, మనస్సు గట్టిపడకమునుపే బాలురకు ఈ యవకాశము ఏల కలిగింపరాదని అతనికి తోచెను. ఆ కళాశాలాధిపతి ఎయిర్ మార్షల్ సర్ లారెన్స్ డార్వల్ అతనికి తోడునిలిచెను.

దక్షిణ వేల్సు తీరమునందలి సెయింట్ డోనాట్స్ అను పురాతనదుర్గమును ఆంతొనిన్ బెస్ అను దాత కొని యిచ్చెను. 1962లో 56 మంది బాలురతో అట్లాంటిక్ కాలేజి అచ్చట ప్రారంభమయ్యెను. నౌకాదళమున రియర్ అడ్మిరలుగా పనిచేసిన డెస్మండ్ హోర్ ప్రథమ ప్రధానోపాధ్యాయుడు. 1967లో బాలికలకును ప్రవేశము గలిగెను. పదునాఱు మొదలు పందొమ్మిదేండ్ల లోపువారు అచ్చట రెండు సంవత్సరములు వసించి చదువుదురు. ఆ యీడు ఊరక యెన్నుకొన్నది కాదు. అంతకు చిన్నవారు తమ దేశపు భాషయు ఆచారమును ఇంకను చక్కగా నేర్వరు. అంతకు పెద్దవారు తమ అభిప్రాయములను మార్చుకొన నొల్లరు.

ఒక గదిలో వేర్వేరు దేశములవారిని కలిపి యుంచుట అచ్చటి నియమము. ఎవరికి నచ్చినవారితో వారిని ఉండనిచ్చినచో ఒక భాషవారందఱు ఒకచోట చేరుదురు, అది మనుష్యస్వభావము. దీపము ఎప్పుడు ఆర్పవలెను, కిటికీ తెఱవవలెనా మూయవలెనా, ప్రార్థన చేసికొనువానికి నిశ్శబ్దము ఎట్లు సమకూర్పవలెను అను చిన్న తగవులయందే ఆ పిల్లలకు అంతర్జాతీయ వ్యవహారముల మొదటి పాఠము లభించుచున్నది.

ఒక పడవ కథ

ఆ కళాశాల బ్రిస్టల్ చానెల్ అను సముద్రభాగమున కెదురుగా నున్నది. లోకమున మిక్కిలి యెత్తుగా పోటెత్తు జలములలో అదియొకటి. కొండచఱియల క్రింద చిక్కుకొనువారును, ఈతకు దిగి కొట్టుకొనిపోవువారును, పడవలు తలక్రిందులగువారును అచ్చట తఱచుగా నుందురు. కావున విద్యార్థులు తీరరక్షణమును తమ సేవగా గైకొనిరి. అది ఆట కాదు. కాపలాయందు ఏమఱినచో ప్రాణము పోవును.

వారి సాధనములలో గాలితో ఉబ్బించిన రబ్బరు పడవలు కొన్ని యుండెను. ఇవి తేలికయైనవి, సులభముగా మునుగవు. కాని యిసుకయు గులకరాళ్లును రాచి వాని అడుగు త్వరగా అరిగిపోవుచుండెను, పెద్ద అలలయందు అవి నిలకడగా సాగవు. హోరును విద్యార్థులును కళాశాల పనిశాలయందు ఆ పడవలకు చెక్కపలకను అడుగుగా అమర్చి చూచిరి. ఏండ్లతరబడి మార్పులు చేసి చేసి, కత్తివలె నీటిని చీల్చు గట్టి అడుగును, చుట్టును గాలిగొట్టమును గల క్రొత్తరకపు పడవను సిద్ధపఱచిరి. నేడు లోకమంతట రక్షకభటులును నౌకాదళములును వాడు గట్టియడుగు గాలిపడవలకు ఆ పనిశాలయే ముఖ్యమైన జన్మస్థానము. బ్రిటనునందలి జాతీయ ప్రాణరక్షక నౌకాసంస్థ దానిని స్వీకరించి 1972లో తన సేవయందు ప్రవేశపెట్టి, కళాశాల జ్ఞాపకార్థము అట్లాంటిక్ అను పేరిడెను. హోర్ దాని హక్కును ఆ సంస్థకు ఒక్క పౌనునకు ఇచ్చివేసెను. కళాశాలయందలి ఆ సంస్థ రక్షణకేంద్రము 2013 వఱకు పనిచేసెను.

ఈ కథను విపులముగా చెప్పుటకు కారణము గలదు. శాంతినిగూర్చి వ్యాసములు వ్రాయుటవలన ఆ విద్యార్థులు ఒకరినొకరు నమ్ముట నేర్వలేదు. చలిరాత్రి అలలలో త్రాటి యొక కొన పట్టుకొనినవాడు ఒక దేశమువాడు, రెండవ కొన పట్టుకొనినవాడు వేఱొక దేశమువాడు. అట్టి సమయమున త్రాడు విడువడన్న నమ్మకమే స్నేహమునకు పునాది. కలిసి మాటలాడుటకన్న కలిసి పనిచేయుట బలమైన బంధము.

చదువునందలి మార్పు

పలుదేశముల పిల్లలను చేర్చినపుడు ఒక చిక్కు కలిగెను. ఒక్కొక దేశపు విశ్వవిద్యాలయము తన దేశపు పరీక్షనే కోరును. దీనికి పరిష్కారముగా 1968లో జెనీవాయందు ఇంటర్నేషనల్ బాకలారియెట్ అను పరీక్షాసంస్థ యేర్పడెను. ఆక్స్‌ఫర్డునకు చెందిన అలెక్ పీటర్సన్ దానికి మొదటి అధిపతి. 1971లో అట్లాంటిక్ కాలేజి తన దేశపు పరీక్షను పూర్తిగా విడిచి దీనినే స్వీకరించెను. విద్యార్థి ఆఱు విషయములు చదువవలెను. వానిలో తన భాషాసాహిత్యమును, వేఱొక భాషయు, ఒక విజ్ఞానశాస్త్రమును, గణితమును ఉండవలెను. స్వయముగా పరిశోధించి ఒక దీర్ఘవ్యాసము వ్రాయవలెను. మనము దేనినైనను తెలిసికొంటిమని యెట్లు చెప్పగలమను విమర్శయు ఒక పాఠము. వీనితోపాటు కళ, వ్యాయామము, సేవ అను మూడింటియందును పాల్గొననిదే పట్టము లభింపదు. తన మాతృభాషను విడువకుండగనే పరభాషను నేర్చుట ఇందలి విశేషము. స్వగృహము లేనివాడు అతిథిని ఆదరింపజాలడు గదా!

శాఖోపశాఖలు

ఇట్లు నాటబడిన వృక్షము క్రమముగా విస్తరించెను. కెనడా, సింగపూరు, ఇటలీ, నార్వే, జపాను మున్నగు దేశములయందు నేడు ఇట్టి విద్యాలయములు 18 గలవు. వానిలో మూడింటిని మాత్రము పేర్కొందుము.

వాటర్‌ఫర్డ్ కంహ్లాబా: దక్షిణాఫ్రికాయందు తెల్లవారికిని నల్లవారికిని వేర్వేరు పాఠశాలలుండవలెనని చట్టమున్న దినములలో, మైకేల్ స్టెర్న్ అను ఆంగ్లేయుడు సరిహద్దు దాటి స్వాజీలాండునందు, నేటి ఎస్వాతినియందు, 1963లో సకలవర్ణములవారికి ఒక పాఠశాలను తెఱచెను. నెల్సన్ మండేలా చెఱసాలయందుండగా ఆయన కుమార్తెలు అచ్చట చదివిరి. 1981లో అది ఈ కూటమిలో చేరెను. అనంతరము మండేలాయే ఈ విద్యాలయములకు అధ్యక్షులలో ఒకడయ్యెను.

మోస్తార్: బోస్నియాయందు 1992 మొదలు 1995 వఱకు జరిగిన యుద్ధమున ఈ పట్టణము రెండుగా చీలెను. నెరెత్వా నదిపైగల ప్రాచీనపు వంతెన 1993లో కూలిపోయి, 2004లో తిరిగి కట్టబడెను. అచ్చటి ఉన్నతపాఠశాల ఒకే కప్పు క్రిందికి వచ్చినను, క్రొయేషియను, బోస్నియాకు బాలురకు పాఠ్యక్రమములు వేరుగనే యుండెను. 2006లో ఆ కట్టడమునందే సర్వదేశ కళాశాల తెఱవబడెను. ఒకే యింట నుండుట వేఱు, ఒకే బల్లయొద్ద చదువుట వేఱు అని ఈ పట్టణము మనకు బోధించుచున్నది.

మన దేశమున పూనాకు సమీపమున, ముల్శీ ప్రాంతమునందలి ఒక కొండపై, మహీంద్రా కుటుంబమువారి దానముతో 1997లో ఇట్టి కళాశాల వెలసెను. అచ్చటి విద్యార్థులు చుట్టుప్రక్కల పల్లెలవారితో కలిసి పనిచేయుటయు, ఆ కొండమీది చెట్లను జంతువులను సంరక్షించుటయు శిక్షణమునందు భాగముగా గైకొనిరి.

ఆక్షేపణలు

ఏ మంచి యత్నమును గూర్చియైనను గుడ్డిగా పొగడుట విద్యావంతుల లక్షణము కాదు. ఈ విద్యాలయములపై మూడు ఆక్షేపణలు గలవు.

మొదటిది వ్యయము. ఇట్టి చదువు మిక్కిలి ఖరీదైనది. దేశదేశమునగల ఎంపికసంఘములు యోగ్యతనుబట్టి పిల్లలను ఏరి, లేనివారికి వేతనములు సమకూర్చుచున్నమాట నిజమే. అయినను లక్షలలో ఒక్కరికే ఆ భాగ్యము. రెండవది, అచ్చట చదివినవారు పలువురు ధనికదేశములకే వెళ్లి స్థిరపడుట. సేవ నేర్చినవాడు తన పల్లెను మఱచిన నేర్చిన ఫలమేమి? మూడవది, సేవ ఆడంబరముగా మాఱుట. పట్టముకొఱకు గంటలు లెక్కించుచు చేయు పని పొరుగువానికి మేలుకన్న భారమే యగును.

ఈ మూడును త్రోసివేయదగినవి కావు. కాని యివి ఆ విద్యాలయముల పేరును కీర్తిని గూర్చినవి గాని, వాని మూలసూత్రమును గూర్చినవి కావు. మూలసూత్రమునకు కోట యక్కఱలేదు, సముద్రము నక్కఱలేదు. భిన్నమైనవారు ఒకచోట నివసించి, పొరుగువారి నిజమైన అవసరమును కలిసి తీర్చుటయే ఆ సూత్రము.

మన వసతిగృహమునందు

ఇంతవఱకు చెప్పినది దూరదేశపు కథయని తలంపవలదు. మన వసతిగృహమునందు భోజనపు వరుసలను గమనింపుడు. ఒక ఊరివారు ఒకచోట, ఒక కులమువారు మఱియొకచోట తమకు తెలియకుండగనే కూర్చుందురు. సీమనుండి వచ్చినవాని పలుకును కోస్తావాడు వెక్కిరించును. తెలంగాణమునుండి వచ్చినవాడు నాలుగుదినములు నోరు విప్పడు. ఫ్రెంచివానికిని జర్మనునికిని సంధి కుదుర్చుటకుముందు ఈ మూడు యాసలవారిని ఒక్క పంక్తిలో నవ్వించుట మన విధి.

దీనికి మూడు నియమములను సూచించుచున్నాము. గదులయందును పంక్తులయందును పిల్లలను కలుపుట వారి యిష్టమునకు విడువక నియమముగా చేయవలెను. సేవ ఏడాదికొకనాడు ఫొటోలకై చేయునది గాక, వారమువారము తప్పక చేయు బాధ్యత కావలెను. ఏ సేవ చేయవలెనో మనము నిర్ణయింపక, ముందుగా పొరుగువారినే అడిగి తెలిసికొనవలెను. ముసలివారికి జాబు చదివిపెట్టుట, వేసవిలో మంచినీటి చలివేంద్రము నడుపుట, ప్రథమచికిత్స నేర్చుట, ఈతనేర్చి చెఱువుగట్టున కాపుండుట వంటివి చిన్నపనులు కావు. నీట మునుగువాని చేయి పట్టుకొనునపుడు ఏ బాలుడును కులమడుగడు.

పరదేశమును చూచు భాగ్యము మీలో కొందఱికే కలుగవచ్చును. ప్రక్క మంచమువానిని తెలిసికొను భాగ్యము మాత్రము మీ యందఱికిని నేటి రాత్రియే కలదు. దానిని వ్యర్థపుచ్చకుడు.

ఆలోచింపదగిన ప్రశ్నలు

1. జాలిపడుటకును సాయపడుటకును గల భేదమేమి? మీ ఊరినుండి ఒక్కొక్క ఉదాహరణమిండు.
2. మోస్తార్ పాఠశాలయందు ఒకే కప్పు క్రింద నుండుట ఏల చాలకపోయెను?
3. పైని చెప్పిన మూడు ఆక్షేపణలలో మీకు బలమైనదిగా తోచునది యేది? కారణములు వ్రాయుడు.
4. మన పాఠశాల పొరుగువారిలో ముగ్గురిని కలిసికొని, వారికి కావలసిన సాయమేదో అడిగి తెలిసికొనుడు. అది మీరు తలంచినదేనా?