తుప్పు మీద లప్పము

చదువవలసిన వాక్యభాగములు: గలతీయులకు 6:1–5, యెహెజ్కేలు 13:10–16, మత్తయి 4:21



మన సంఘపు పెద్దలలో ఒకరి కొట్టములో, వారి తండ్రిగారు దున్నిన పాత మాసీ ఫెర్గుసన్ ట్రాక్టరు ఏండ్ల తరబడి కదలక నిలిచియుండెను. 1960లో మద్రాసులో స్థాపింపబడిన టాఫే సంస్థవారు మన దేశములో తయారుచేసిన ఎఱ్ఱని బండ్లలో అది ఒకటి. పోయిన వేసవిలో వారు దానిని మరల బాగుచేయింప పూనుకొనిరి. ఇంజను పని త్వరగానే ముగిసెను గాని రేకుపని చాల దినములు పట్టెను. మేము పలుమారు వెళ్లి ఆ పని చూచితిమి. అక్కడ నేర్చుకొనిన పాఠమునే ఈ నెల మీ యెదుట ఉంచుచున్నాము.

1. పొక్కు క్రింద ఏమున్నది?

వెనుక మడ్‌గార్డు అతుకు దగ్గర రంగు చిన్న పొక్కువలె లేచియుండెను. మేస్త్రి స్క్రూడ్రైవరు మొనతో పొడువగా అది లోపలికి దిగిపోయెను. పూర్వమెవరో ఆ చిల్లిని లప్పముతో పూడ్చి, పైన రంగు వేసియుండిరి. అతుకు వెనుక బురదయు గడ్డియు ఎరువు పొడియు పేరుకొని తేమను పట్టియుంచెను. ఇనుమునకు నీరును గాలియు తగిలిన తుప్పు పుట్టును. ఎరువులోని ఉప్పు దానిని త్వరపెట్టును. లప్పము సహా తేమను పీల్చుకొనును. కాబట్టి పైకి నున్నగా కనబడినంత కాలమును లోపల రేకు తినివేయబడుచునే యుండెను.

బలములేని గోడకు పూత పూసి, సమాధానము లేనప్పుడు సమాధానమని చెప్పినవారిని గూర్చి యెహెజ్కేలు ప్రవచించెను. వాన వచ్చినప్పుడు పూతయు గోడయు కలిసి కూలునని ఆయన హెచ్చరిక.

మేమును అట్టి పూత పూసినవారమే. మన సంఘములో ఇద్దరు అన్నదమ్ములు పొలము గట్టు విషయమై మాటలు మానుకొనిరి. ప్రభురాత్రి భోజనపు ఆదివారము దగ్గరపడెనని తొందరపడి, తమ్ముని మాట పూర్తిగా వినకయే ఇద్దరి చేతులు కలిపించి ప్రార్థన చేసితిమి. అందరును సంతోషించిరి. కోతల నాటికి తగవు మునుపటికంటె పెద్దదై పైకి వచ్చెను. తమ్ముని కుటుంబము గుడికి వచ్చుట మానివేసెను.

2. మంచి రేకు వరకు కోయుట

మేస్త్రి మొదట డీజిలు ట్యాంకును బ్యాటరీని విప్పించి దూరముగా పెట్టించెను. మంట పెట్టు చోట వాటిని ఉంచరాదు. తరువాత తుప్పు పట్టిన భాగమును, గట్టి రేకు తగులువరకు కోసివేసెను. చిల్లి అరచేయి అంతయైనది. “ఇంత కోయవలెనా?” అని పెద్దగారు బాధపడిరి. “తుప్పు మీద వెల్డింగు నిలువదండీ, పలుచని అంచు కాలిపోవును” అని మేస్త్రి బదులు చెప్పెను. అట్టముక్కతో కొలత తీసి, అదే మందము గల క్రొత్త రేకును, మూలలు గుండ్రముగా నుండునట్లు కత్తిరించెను. దానిని ఒక్కసారిగా అంటింపలేదు. ఇక్కడొక చుక్క, ఎదుటి ప్రక్కనొక చుక్క పెట్టి, చల్లారనిచ్చి, మరల పెట్టెను. ఏకబిగిని అతికినయెడల వేడికి రేకు వంకరపోవును.

నిజము బయటికి వచ్చినప్పుడు గాయము పెద్దదిగా కనబడును. అందుకు జడియరాదు. ఒక్క సాయంకాలములో అంతయు అతుకవలెనని తొందరపడను రాదు.

3. సుత్తి పట్టు విధము

బానెట్టు మీద ఒక సొట్ట ఉండెను. పనిలోని కుఱ్ఱవాడు దాని నడుమ గట్టిగా కొట్టగా రేకు సాగి, నొక్కినపుడెల్ల లోపలికిని వెలుపలికిని టపటపలాడెను. మేస్త్రి సుత్తి తీసికొని, సాగిన చోటును కొద్దిగా కాల్చి, తడిగుడ్డతో చల్లార్చి ముడుచుకొనజేసెను. తరువాత క్రింద ఇనుప దిమ్మ ఆనించి, సొట్ట చుట్టునున్న గట్టునుండి మొదలుపెట్టి మెల్లగా తట్టుచు నడిమికి వచ్చెను.

గలతీయులకు 6:1లో, తప్పులో చిక్కినవానిని సాత్వికముతో సరిచేయుడని పౌలు చెప్పుచున్నాడు. అక్కడి గ్రీకు క్రియ కటార్టిజో. జెబెదయి కుమారులు వలలు బాగుచేసికొనుచుండిరని మత్తయి 4:21లో చెప్పినదియు ఆ క్రియయే. తెగిన వలను మరల చేపలు పట్టుటకు పనికివచ్చునట్లు చేయుటయే దాని భావము. తప్పు నడుమనే కొట్టినవాడు మనిషిని ఇంకను సాగదీయును. క్రింద ఆనిక లేక కొట్టరాదు. ఆ ఆనిక ప్రేమయే.

4. వెనుకవైపు పూత

చివరకు మేస్త్రి రేకుకు రెండు వైపులను ప్రైమరు పూసెను; ఎవరికిని కనబడని వెనుకవైపును విడువలేదు. అటుపిమ్మట గట్టి రేకు మీద పలుచగా లప్పము రాచెను. కాబట్టి లప్పము చెడ్డది కాదు. మంచి మాటయు మర్యాదయు అట్టివే. సత్యము మీద పూసినప్పుడు అవి నిలుచును.

ఆ పని చూచిన తరువాత మేము తమ్ముని యింటికి వెళ్లి, “నీ మాట వినకపోవుట మా తప్పు” అని ఒప్పుకొంటిమి. ఆతడు చాలసేపు మాటలాడలేదు. తరువాత రాత్రి ప్రొద్దుపోవువరకు మాటలాడెను. మరియొక దినమున అన్నగారి మాటయు వింటిమి. గట్టు ఇంకను కొలువవలసియున్నది. అతుకు పూర్తికాలేదు గాని, రెండు మూడు చుక్కలు నిలిచినవి. వారికొరకు ప్రార్థించుడి.

ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. మన యింటిలో గాని సంఘములో గాని పూతతో కప్పిన తుప్పు ఏది?

2. ఒకరిని సరిచేయునప్పుడు మనము గట్టునుండి మొదలుపెట్టుచున్నామా, నడుమ కొట్టుచున్నామా?

3. మనుష్యులకు కనబడని మన వెనుకవైపును ప్రభువు ఎదుట తెరచియుంచితిమా?

ప్రభువు మనలను బాగుచేసి, తన పనికి తగినవారినిగా చేయునుగాక. ఆమేన్.