మందుతో పాటు మనిషి తోడు: హెచ్.ఐ.వి. బాధితుల సేవలో మిషన్ ఆసుపత్రులు

వార్షికోత్సవ సంచికకు చదువులో పనికివచ్చే విషయం రాయమన్నారు. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా మనం చదివే హెచ్.ఐ.వి. గురించి రాస్తున్నాను. మా ఊరి నుండి మైదానానికి కూలికి వెళ్లి వచ్చిన ఒక అన్నకు ఈ జబ్బు ఉందని తెలియగానే సొంత చుట్టాలే కంచం, చెంబు వేరు చేశారు. అతనికి మందు దొరికింది. పక్కన కూర్చునే మనిషి దొరకలేదు. కొన్నాళ్లకు మందు మానేశాడు. తరువాత చనిపోయాడు.

హెచ్.ఐ.వి. అంటే ఏమిటి?

ఈ వైరస్ రక్తంలోని సీడీ-4 కణాలను నాశనం చేసి వ్యాధి నిరోధక శక్తిని తగ్గిస్తుంది. ఆ శక్తి బాగా తగ్గి క్షయ వంటి జబ్బులు చుట్టుముట్టే దశను ఎయిడ్స్ అంటారు. రక్షణ లేని లైంగిక సంబంధం, కలుషితమైన సూదులు, పరీక్ష చేయని రక్తం, తల్లి నుండి బిడ్డకు – ఈ నాలుగు విధాలుగా సోకుతుంది. కలిసి తింటే, ముట్టుకుంటే, దోమ కుడితే సోకదు.

మిషన్ ఆసుపత్రుల పాత్ర

మన దేశంలో ఈ వైరస్ 1986లో బయటపడింది. మద్రాసులో డాక్టర్ సునీతి సోలోమన్ బృందం సేకరించిన రక్త నమూనాలను పరీక్షించింది వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలోనే.

ఆస్ట్రేలియాలో డాక్టరు చదివిన మేరీ గ్లోరీ 1920లో గుంటూరు వచ్చి, సన్యాసినిగా ఉంటూనే వైద్యం చేశారు. నేడు సికింద్రాబాద్ కేంద్రంగా పనిచేస్తున్న కాథలిక్ హెల్త్ అసోసియేషన్‌కు 1943లో పునాది వేసింది ఆమే. రోగులపై వివక్ష చూపరాదని భారత కాథలిక్ చర్చి 2005లో హెచ్.ఐ.వి. విధానం ప్రకటించింది. ఒకప్పటి కమ్యూనిటీ కేర్ సెంటర్లలో కొన్నింటిని మిషన్ సంస్థలే నడిపాయి. అక్కడ రోగికి కొన్ని రోజులు పడక, పోషకాహారం ఇచ్చి, మందు వాడే పద్ధతి నేర్పి, ఇంటివారికి నచ్చజెప్పి పంపేవారు.

జాంబియా నేర్పిన పాఠం

ఆఫ్రికాలోని జాంబియాలో చికన్‌కాట అనే పల్లె ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ ఆసుపత్రి ఉంది. అక్కడివారు 1987లో రోగుల ఇళ్లకే వెళ్లి సేవ చేయడం మొదలుపెట్టారు. రోగిని చూడడంతో ఆగకుండా ఊరివారిని కూర్చోబెట్టి మాట్లాడారు. రోగిని చూసుకునే బాధ్యత ఊరిది కూడా అని గుర్తు చేశారు. డోలీ మోసి మనిషిని రోడ్డుకు చేర్చే మన హుకుంపేట కొండలకు ఈ పాఠం బాగా సరిపోతుంది. డోలీ మోసే భుజాలు ఈ జబ్బుకు మాత్రం ఎందుకు వెనక్కి తగ్గాలి?

ఒక హెచ్చరిక

మన ఊళ్లలో కొందరు దిసారి దగ్గరకు, కొందరు ప్రార్థనకు వెళతారు. నమ్మకం ధైర్యాన్ని ఇస్తుంది, కాదనను. కానీ నయమైందని ఎవరు చెప్పినా మందు మానకూడదు. మిషన్ ఆసుపత్రులు కూడా ప్రార్థనతో పాటు మాత్ర ఇచ్చాయి గాని, మాత్రకు బదులు ప్రార్థన ఇవ్వలేదు.

ప్రభుత్వం ఏ.ఆర్.టి. మందులను 2004 నుండి ఉచితంగా ఇస్తోంది. 2017 నుండి సీడీ-4 సంఖ్యతో పని లేకుండా, వ్యాధి తేలిన వారందరికీ ఇస్తున్నారు. రోజూ తప్పకుండా వాడితే వైరస్ పరీక్షలో కనబడనంత తగ్గుతుంది. అలా తగ్గి ఉన్నంతకాలం లైంగిక సంబంధం ద్వారా ఇతరులకు సోకదు. మందు లేకపోతే తల్లి నుండి బిడ్డకు సోకే అవకాశం 15 నుండి 45 శాతం. సకాలంలో మందు వాడితే అది 5 శాతం లోపుకు తగ్గుతుంది.

మనం చేయవలసినవి

1. ఒకరి జబ్బు సంగతి ఇంకొకరికి చెప్పకూడదు. 2017 చట్టం రోగి వివరాల గోప్యతను కాపాడుతుంది. బడిలో, ఉద్యోగంలో, ఆసుపత్రిలో వివక్షను నిషేధిస్తుంది.
2. మందు తెచ్చుకునే రోజున ఒంటరిగా పంపక తోడు వెళ్లాలి.
3. అనుమానం ఉంటే ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచిత పరీక్ష చేయించుకోవాలి. సలహాకు 1097కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.
4. చదువు రాని పెద్దలకు ఈ సంగతులు మన ఇంటి భాషలో చెప్పాలి.

సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు అలాంటి వారు ఎదురైతే వారి పక్కన కూర్చుని ఒక పూట అన్నం తినండి. మా ఊరి అన్నకు నేను ఆ పని చేయలేకపోయాను. మీరు చేయండి.