లేమిలోను కలిమిలోను నేర్చుకొనుట

చదువవలసిన లేఖన భాగములు: ఫిలిప్పీయులకు 4:10-13, ద్వితీయోపదేశకాండము 8:1-18, యిర్మీయా 29:1-7, యాకోబు 1:2-4.

పాఠ సారాంశము: కష్టములు గాని సుఖములు గాని తమంతట తాము విశ్వాసిని ఎదిగింపవు. వాటియందు ప్రభువునొద్ద నేర్చుకొనువాడే ఎదుగును.

ఉపోద్ఘాతము

గుజరాతు రాష్ట్రమందు తపతీ నది సముద్రమును చేరుటకు కొంచెము ముందుగా, దాని ఒడ్డున సూరతు నగరము కలదు. ఆ నగరమందలి లింబాయతు మొదలగు పేటలలో మన తెలుగువారు వేలకొలదిగా నివసించుచున్నారు. వీరిలో అనేకులు కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములనుండి మరమగ్గములపై బ్రదుకుతెరువు వెదకికొనుచు వచ్చిన నేతపనివారు, వారి బిడ్డలు, మనుమలు. నగరపాలక సంస్థవారు తెలుగు మాధ్యమమున కూడ పాఠశాలలు నడుపుచున్నారనగా, ఈ ప్రవాసము ఎంత వేరూనినదో గ్రహింపవచ్చును.

ఆ పేటలలోని మగ్గములయొద్ద ఒక్క గడియ నిలిచి చూచినయెడల ఈ పాఠము కన్నులయెదుటనే కనబడును. పడుగు పోగులలో సగము పైకి లేచును, సగము క్రిందికి దిగును. వాటి మధ్య తెరచుకొనిన సందులోనుండి నాడె తన కండెలోని పేక నూలును లాగుకొనుచు దూసికొనిపోవును. వెంటనే పైనున్న పోగులు క్రిందికి, క్రిందనున్నవి పైకి వచ్చును. నాడె మరల వచ్చును. ఈ రీతిగా పోగు వెంబడి పోగు చేరి వస్త్రమగును. పోగులన్నియు ఎల్లప్పుడు పైననే నిలిచియుండినను, ఎల్లప్పుడు క్రిందనే పడియుండినను నాడెకు దారి లేదు, వస్త్రమును లేదు.

అయితే ఇందులో మరియొక సంగతి కలదు. కండెలో నూలు అయిపోయినది నేతగాడు గమనింపనియెడల మగ్గము ఆడుచునే యుండవచ్చును. శబ్దమునకు కొదువ యుండదు. పోగులు లేచుచు దిగుచు నుండును. గాని బట్ట ఒక్క అంగుళమైనను పెరుగదు. మీటరు లెక్కన కూలి పుచ్చుకొనువానికి ఆ గంట అంతయు నష్టమే.

ప్రియ చదువరీ, నీ జీవితములో ఎత్తుపల్లములు అనేకములు గడచియుండవచ్చును. "నేను చాల శ్రమలు పడితిని" అని నీవు చెప్పినయెడల అది నిజమే కావచ్చును. గాని ఆ శ్రమల మధ్యనుండి ఏ నూలు నడచినది? ఏమి నేయబడినది? ఇదియే నేటి పాఠమందు మనలను మనము అడుగుకొనవలసిన ప్రశ్న.

1. "నేర్చుకొంటిని" అనిన అపొస్తలుడు

పౌలు ఫిలిప్పీ సంఘమునకు పత్రిక వ్రాయునప్పుడు బంధకములలో నుండెను. ఆ సంఘమువారు ఎపఫ్రొదితు చేత పంపిన కానుక అతనికి ముట్టినది. దానికి కృతజ్ఞత తెలుపుచు అతడు ఒక ముఖ్యమైన సంగతి చెప్పుచున్నాడు: ఏ స్థితిలో నుండినను తృప్తి కలిగియుండుటను తాను నేర్చుకొనెనట. ఇది పుట్టుకతో వచ్చిన గుణమని గాని, దమస్కు మార్గమందు ఒక్క దినమున కలిగిన వరమని గాని అతడు చెప్పలేదు. నేర్చుకొనుట అనగా బడి కలదు, బోధకుడు కలడు, తప్పులు దిద్దుకొనుటయు కలదు.

అతడు చెప్పిన జాబితాను గమనింపుడి. ఆకలి ఒక్కటియే గాక, కడుపు నిండుట కూడ అందున్నది. లేమియే గాక సమృద్ధియు ఉన్నది. లేమిని భరించుటకు శిక్షణ కావలెనని మనమందరము ఒప్పుకొందుము. గాని కలిగియుండుటకు కూడ శిక్షణ కావలెనని తలంచువారు కొద్దిమంది. అపొస్తలుడు రెండింటిని ఒకే బడిలోని రెండు పాఠములుగా ఎంచెను. అతని బలము అతని మనోధైర్యములో నుండి రాలేదు; తన్ను బలపరచు క్రీస్తునందే అది కలదని 13వ వచనము తెలుపుచున్నది. ఖాళీ కండెను నింపువాడు ఆయనయే.

2. లేమి నేర్పు పాఠము

1994 సెప్టెంబరు నెలలో సూరతు నగరమందు ప్లేగు వ్యాధి బయలుదేరెను. మృతి చెందినవారు పదులలోనే యున్నను, భయముచేత నగరము విడిచి పారిపోయినవారు లక్షలలో నుండిరి. రైళ్లు, బస్సులు క్రిక్కిరిసెను; మగ్గములు ఆగిపోయెను. అంతకుముందు వానలకు మురుగునీరు నిలిచి, చెత్త కుప్పలుగా పేరుకొనియుండెను. అందరు చూచినదే గాని ఎవరును లక్ష్యపెట్టని అశుద్ధము అది.

మరుసటి యేట, అనగా 1995లో, సూర్యదేవర రామచంద్రరావు గారు నగరపాలక కమిషనరుగా వచ్చిరి. నగరమును ఆరు మండలములుగా విభజించి ఒక్కొక్క దానికి బాధ్యుడైన అధికారిని నియమించిరి. అధికారులు గదులలో కూర్చుండక ప్రతిదినము వీధులలోనికి వెళ్లవలెనని ఏర్పాటు చేసిరి. ఊడ్చుట, చెత్త ఎత్తుట, మురుగు కాలువలు బాగుచేయుట నిత్యకార్యములాయెను. 1996 నాటికి ఈ నగరము దేశమందలి శుభ్రమైన నగరములలో రెండవదిగా ఎంచబడెను.

ఇక్కడ జాగ్రత్తగా ఆలోచింపవలెను. ప్లేగు ఆ నగరమును శుభ్రపరచెనా? లేదు. ప్లేగు చంపెను, చెదరగొట్టెను, భయపెట్టెను. నగరమును శుభ్రపరచినది ప్లేగువలన పాఠము నేర్చుకొని, మరునాడు ఉదయమున చీపురు పట్టినవారు. వ్యాధి లోపమును చూపెను. అనుదిన విధేయత దానిని సరిచేసెను.

మన శ్రమలును అట్టివే. రోగము, అప్పు, పని పోవుట, ఆప్తుల మరణము మనలను తమంతట తాము పరిశుద్ధులనుగా చేయవు. ఒకే శ్రమలో ఒకడు మెత్తబడును, మరియొకడు చేదుబారును. శ్రమ ప్రతిదియు పాపమునకు శిక్షయని కూడ మనము చెప్పరాదు. యోబు స్నేహితులు ఆ మాట చెప్పియే ప్రభువు చేత గద్దింపబడిరి. గాని శ్రమ వచ్చినప్పుడు, అంతవరకు మనము చూడనొల్లని మూలలు కొన్ని వెలుగులోనికి వచ్చును. కోపము, మనుష్యులపై పెట్టుకొన్న ఆశ, క్షమింపని పాత పగ బయటపడును. యాకోబు పత్రిక చెప్పుచున్నట్లు, పరీక్షవలన పుట్టిన ఓర్పు తన పనిని కడముట్టించుటకు మనము తావియ్యవలెను. తావిచ్చుట మన వంతు. అది ఒక్క కూటములో కార్చిన కన్నీటితో తీరదు. ప్రతి ఉదయమున చేయవలసిన పని.

3. కలిమి నేర్పు పాఠము

సూరతునకు ఎగువను తపతీ నదిపై ఉకాయి ఆనకట్ట 1972లో పూర్తియాయెను. వరదలను అరికట్టుట దాని ఉద్దేశములలో ఒకటి. అయినను 2006 ఆగస్టు మొదటి వారమున కురిసిన ఘోరమైన వర్షములకు జలాశయమునుండి విస్తారమైన నీటిని విడువవలసివచ్చెను. నగరములో అధిక భాగము కొన్ని దినములు నీట మునిగియుండెను. ప్రాణనష్టమును, బహు ధననష్టమును కలిగెను.

వరదలను ఆపవలసిన జలాశయమునకు ఒక నియమము కలదు. వానకాలమందు దానిలో కొంత చోటు ఖాళీగా నుండవలెను. అంచువరకు నిండియున్న జలాశయము చూచుటకు ఐశ్వర్యవంతముగా కనబడును. గాని పైనుండి వచ్చు ప్రవాహమును పట్టుటకు దానియందు స్థలముండదు.

ద్వితీయోపదేశకాండము 8వ అధ్యాయమందు మోషే చేసిన హెచ్చరిక ఇట్టిదే. అరణ్యములో దేవుడు తన ప్రజలను ఆకలిచేత అణచి, మన్నాతో పోషించి, తన మాటపై ఆధారపడుటను నేర్పెను. అది మొదటి పాఠము. అయితే మోషే అంతకంటె ఎక్కువ భయపడినది వారు మంచి ఇండ్లు కట్టుకొని, మందలు విస్తరించి, వెండి బంగారములు పెరిగిన దినమును గూర్చియే. అప్పుడు హృదయము ఉప్పొంగి, ఇదంతయు నా చేతి బలమే అని పలుకునని అతడు ముందే చెప్పెను. అరణ్యమందు దేవుని మరచుట కష్టము. భోజనపు బల్లయొద్ద మరచుట సులభము.

ఒక కుటుంబమును తలంచుకొందము. పరదేశమునకు వచ్చిన తొలి దినములలో ఒకే గదిలో చాప పరచుకొని, రాత్రి పనినుండి వచ్చిన తండ్రితో పిల్లలు మోకాళ్లూని ప్రార్థించిరి. తరువాత సొంత మగ్గములు కొనిరి, సొంత ఇల్లు కట్టిరి. ప్రార్థనకు ప్రత్యేకమైన గది కలదు గాని ప్రార్థించుటకు ఎవరికిని తీరిక లేదు. ఈ కుటుంబము పైకి లేచెనా, క్రిందికి దిగెనా? నీ యింటికి దీనిలో పాలు లేదని త్వరపడి చెప్పకుము. కలిమి పాపము కాదు. కలిమిలో నేర్చుకొనుట మానివేయుటయే ప్రమాదము. కానుక ఇచ్చుటయు, సబ్బాతు విశ్రాంతియు, ఉపవాసమును, బీదవాని యెదుట తలుపు తెరచుటయు నిండిన హృదయములో దేవుని కొరకు ఖాళీ ఉంచుకొను మార్గములు.

4. ఫలము కనబడని కాలము

లేమియు కలిమియు గాక, మరియొక స్థితి కలదు. పని చేయుచునే యుందుము, ప్రార్థించుచునే యుందుము. ఏమియు మారినట్లు కనబడదు.

1815లో లండను మిషనరీ సంఘము పక్షమున జేమ్స్ స్కిన్నరు, విలియం ఫైవీ అను సేవకులు సూరతునకు వచ్చిరి. వారు గుజరాతీ భాష నేర్చి, లేఖనములను తర్జుమా చేసి, ఈ నగరమందే అచ్చు వేయించిరి. స్కిన్నరు 1821లో కన్నుమూసెను. మిగిలిన పనిని ఫైవీ కొనసాగించెను. ఏండ్ల తరబడి బోధించినను విశ్వసించినవారు బహు కొద్దిమంది. 1840వ దశకములో ఆ సంఘము ఈ పనిని ఐర్లండు ప్రెస్బిటేరియనులకు అప్పగించి విడిచిపోయెను. లెక్కలు చూచినవారు దీనిని ఓటమి అని వ్రాసికొని యుండవచ్చును. గాని వారు విత్తిన వాక్యము గుజరాతీ ప్రజల చేతులలో నిలిచెను. ఆ పొలమునుండి ఎదిగిన సంఘములు 1970లో ఏర్పడిన ఉత్తర భారత సంఘములో నేడు పాలుపంచుకొనుచున్నవి.

మన తెలుగు దేశమందును ఇట్టి చరిత్రయే కలదు. అదే మిషనరీ సంఘము పంపగా 1805లో విశాఖపట్టణమునకు వచ్చిన జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్ అనువారు అయిదేండ్లకే, ఒకని వెంట ఒకడు మరణించిరి. ఆనందరాయరు అను విశ్వాసి సహాయముతో వారు ప్రారంభించిన తెలుగు సువార్తలు అచ్చులో వెలువడుట వారు చూడలేదు. మనము నేడు చదువు తెలుగు వాక్యము వెనుక, తమ కోతను చూడని అట్టి విత్తువారు కలరు. గలతీయులకు 6:9 మనకు చెప్పునది ఇదియే: మేలు చేయుటయందు విసుగక నిలిచినవారికి కోతకాలము దేవుని నిర్ణయములో నున్నది.

5. పరాయి ఊరిలో ఎదుగుట

బబులోనునకు చెరగా కొనిపోబడినవారికి యిర్మీయా ఒక ఉత్తరము పంపెను. రెండేండ్లలో తిరిగి పోవుదుమని హనన్యా మునుపే పలికియుండెను (యిర్మీయా 28). ఆ మాట వినుటకు తియ్యనిది. యిర్మీయా అయితే ఇండ్లు కట్టుకొనుడని, తోటలు నాటుడని, పిల్లలకు పెండ్లిండ్లు చేయుడని, తాము చేరిన ఆ పట్టణపు క్షేమము కొరకే ప్రార్థింపుడని వ్రాసెను.

సొంత ఊరు విడిచి వచ్చినవారికి ఒక శోధన కలదు. "ఇక్కడ నేమి, నాలుగు డబ్బులు కూడబెట్టుకొని ఊరికి పోయిన తరువాత సంఘములో చేరుదుము, పిల్లలకు వాక్యము నేర్పుదుము, అప్పుడు భక్తిగా నుందుము" అని అనుకొందురు. ఏండ్లు గడచును, పిల్లలు పెరిగిపోవుదురు, ఆ "తరువాత" రాదు. 2020లో మహమ్మారి వలన మగ్గములన్నియు ఒక్కమారు ఆగినప్పుడు, రేపటిపై కట్టుకొన్న లెక్కలు ఎంత బలహీనమైనవో అందరికి తెలియవచ్చెను. హిజ్కియా రోగియై పడియున్నప్పుడు తన బ్రదుకును నేతగాడు మగ్గమునుండి కత్తిరించు బట్టతో పోల్చెను (యెషయా 38). ఆ కత్తిరింపు దినము మన చేతిలో లేదు. నేడు పేకను నడుపుట మాత్రము మనకు అనుగ్రహింపబడియున్నది.

కావున ప్రియులారా, స్థితి మారువరకు ఎదుగుటను వాయిదా వేయకుడి. పోగులు పైకి లేచిన దినమున కృతజ్ఞతను, క్రిందికి దిగిన దినమున నమ్మికను, ఏ కదలికయు కనబడని దినమున ఓర్పును నేయుడి. ప్రతి సాయంకాలమున మీ కండెను చూచుకొనుడి. అది ఖాళీ యైనయెడల సిగ్గుపడి దాచుకొనక, నింపువానియొద్దకు తీసికొనిరండి.

ధ్యానించుటకు ప్రశ్నలు

1. గడచిన సంవత్సరమున నాకు కలిగిన శ్రమ నాలోని ఏ లోపమును వెలుగులోనికి తెచ్చెను? దానిని సరిచేయుటకు నేను అనుదినము ఏమి చేయుచున్నాను?

2. నాకు కలిగిన మేలులు నన్ను ప్రార్థనకు దగ్గర చేసినవా, దూరము చేసినవా?

3. "తరువాత చేయుదును" అని నేను ప్రభువునకు వాయిదా వేసినది ఏది?

4. నేను నివసించు ఊరి క్షేమము కొరకు పేరు పెట్టి ప్రార్థించుచున్నానా?

ప్రార్థన

ప్రభువా, లేమిలో సణుగుటయు, కలిమిలో నిన్ను మరచుటయు మాకు సులభమాయెను. మమ్మును నీ బడిలో మరల చేర్చుకొనుము. నేటి దినమున నీవు నేర్పు పాఠమును నేడే నేర్చుకొను మనస్సు దయచేయుము. సొంత ఊరికి దూరముగా శ్రమించుచున్న మా సహోదర సహోదరీలను, వారి బిడ్డలను కాపాడి, వారున్న చోటనే వేరుపారి ఫలింపజేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమెన్.