పాత పీసీలో లైనక్స్ వేస్తే గేమ్స్ నడుస్తాయా?

ప్రశ్న: ఏడో తరం ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న పీసీ మాది. విండోస్ 11 ఎక్కడం లేదు. లైనక్స్ వేస్తే మా అబ్బాయి గేమ్స్ ఆడుకోగలడా?

జవాబు: చాలావరకు ఆడుకోవచ్చు.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. కొద్ది మినహాయింపులు తప్ప, విండోస్ 11కు ఇంటెల్ ఎనిమిదో తరమైనా ఉండాలి. అంతమాత్రాన నిక్షేపంలా పనిచేసే యంత్రాన్ని పాత సామాన్లకు వేయడం అన్యాయం.

వాల్వ్ సంస్థ 2018లో తెచ్చిన ప్రోటాన్ అనే సాఫ్ట్‌వేర్ పరిస్థితిని మార్చేసింది. విండోస్ గేమ్ డైరెక్ట్‌ఎక్స్‌లో అడిగే గ్రాఫిక్స్ పనిని అది మరో గ్రాఫిక్స్ వ్యవస్థ వల్కన్‌లోకి మార్చి లైనక్స్‌కు అందిస్తుంది. 2022లో వచ్చిన, చేతిలో పట్టుకుని ఆడే స్టీమ్ డెక్‌లో విండోస్ గేమ్స్ నడిచేదీ ఇలాగే. గ్రాఫిక్స్ కార్డు మాత్రం వల్కన్‌కు సరిపడేదై ఉండాలి.

చిక్కల్లా గేమ్‌లో మోసాన్ని పట్టే యాంటీ-చీట్‌తోనే. అందుకే వాలరంట్, ఫోర్ట్‌నైట్ లైనక్స్‌లో నడవవు. డోటా 2, కౌంటర్-స్ట్రైక్ 2 నేరుగా నడుస్తాయి.

ముందు పెన్‌డ్రైవ్ నుంచి లైనక్స్ రకాల్లో ఒకటైన లైనక్స్ మింట్ నడిపి చూడండి. ఫొటోలు, ఫైళ్లు వేరేచోట దాచుకున్నాకే ఇన్‌స్టాల్ చేయండి.