దండు చీమలు ఏవి?

అక్కలారా! మొన్న వాన కురిసిన రాత్రి మన కేంద్రంలో ఏం జరిగిందో గుర్తుందా? గోడ వారగా చీమల బారు వచ్చింది. "అమ్మో, దండు చీమలు! ఉయ్యాల్లో పసిబిడ్డ ఉంది" అని ఒక అక్క లేచింది. ఇంకో అక్క మిరప తోటకు కొట్టే మందు తెస్తానంది. నేను ఆగమన్నాను. ఆ మందు చీమకన్నా బిడ్డకే ఎక్కువ ముప్పు.

భూతద్దం పెట్టి చూశాం. చీమలు చిన్నగా, నల్లగా ఉన్నాయి. వాటికి కళ్ళు కనబడ్డాయి. ఒలికిన పానకం దగ్గరికి పోతున్నాయి. అవి చలిచీమలు! తడిగుడ్డతో తుడిచేశాం.

బారు కట్టినవన్నీ దండు చీమలు కావు. ఎర్రచీమ, గండుచీమ కూడా బారు కడతాయి. వీటికి కళ్ళుంటాయి. దండు చీమల్లో పనిచేసే చీమలకు కళ్ళుండవు. వాసన పట్టుకొని ఒకదాని వెంట ఒకటి పోతాయి.

మన దేశంలో ఇవి ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి ఎనిక్టస్. కూడబలుక్కొని చదవండి: ఎ-ని-క్ట-స్. బియ్యపు గింజలో సగం ఉంటుంది. వేరే చీమల పుట్ట మీద పడి, వాటి తెల్లటి పిల్లపురుగులను ఎత్తుకొస్తుంది. ఒకచోట నిలవదు, మకాం మారుస్తుంది. మన ఇంటి తిండి దీనికి అక్కర్లేదు.

రెండోది డోరిలస్. ఎర్ర గోధుమ రంగు. ఒకే బారులో చిన్నవీ పెద్దవీ ఉంటాయి. ఎక్కువగా మట్టి కిందే తిరుగుతుంది. దీంతోనే రైతుకు నష్టం. వేరుశనగ కాయకు బెజ్జం చేసి పప్పు తింటుంది. బంగాళాదుంపను తొలుస్తుంది. మనమేమో చెద పట్టిందని తిట్టుకుంటాం! చెద కూడా కాయను పాడుచేస్తుంది, నిజమే. కానీ చెదపురుగు తెల్లగా, మెత్తగా ఉంటుంది. దానికి సన్నని నడుము ఉండదు. చీమకు ఉంటుంది. పురుగును చూడకుండా మందుకు డబ్బు పెట్టకండి. బెజ్జం పడిన కాయను, దొరికిన పురుగును సీసాలో వేసి వ్యవసాయాధికారికి చూపించండి.

రాత్రిపూట దీపం చుట్టూ కందిరీగలాంటి, లావుపాటి, పొడుగు పొట్ట పురుగు తిరుగుతుంది చూశారా? అది డోరిలస్ మగచీమ కావచ్చు. దానికి కళ్ళూ రెక్కలూ ఉంటాయి. మగచీమకు కొండి ఉండదు, కుట్టదు.

ఆఫ్రికాలో డోరిలస్ చుట్టాలు లక్షల్లో నేల మీద నడుస్తాయి. అవి వస్తే అక్కడి జనం బిడ్డల్ని ఎత్తుకొని ఇల్లు వదిలి పోతారు. చీమలు ఇంట్లోని పురుగుల్ని తిని వెళ్ళాక తిరిగొస్తారు. మన డోరిలస్ అలా ఇళ్ళ మీద పడదు.

రేపు మీ ఇంట్లోనో, చేలోనో ఒక చీమల బారును చూడండి. రంగు ఏమిటి? అన్నీ ఒకే సైజా? నోట ఏం మోస్తున్నాయి? నాలుగు మాటలు పలక మీద రాసి తీసుకురండి. భూతద్దం నేను తెస్తాను.