నొప్పిని ఓర్చుకోనక్కర్లేదు

ప్రశ్న: డాక్టర్ గారూ! మా నాన్నగారికి 67 ఏళ్లు. ప్రొస్టేట్ క్యాన్సర్ వెన్నెముకకు పాకింది. ఇక చికిత్సతో ప్రయోజనం లేదని, ఇంటి దగ్గరే బాగా చూసుకోమని చెప్పారు. నొప్పికి మార్ఫిన్ మాత్రలు రాశారు. ‘అది మత్తుమందు, అలవాటైపోతుంది, ఉన్న నాలుగు రోజులూ ఉండనివ్వదు’ అని పెదనాన్న భయపెడుతున్నారు. అందుకే నాన్న అరిచేదాకా ఆగి, అప్పుడు ఒక మాత్ర వేస్తున్నాం. మేం చేస్తున్నది సరైనదేనా?
– ఒక సోదరి, కరీంనగర్

జవాబు: అమ్మా, అరిచేదాకా ఆగొద్దు. నొప్పి ముదిరాక దాన్ని దించడానికి మందూ ఎక్కువ కావాలి, సమయమూ ఎక్కువ పడుతుంది. వేళకు ఇస్తూపోతే తక్కువ మోతాదుతోనే అదుపులో ఉంటుంది. మామూలు మార్ఫిన్ మాత్ర ప్రభావం దాదాపు 4 గంటలే ఉంటుంది. అందుకే 4 గంటలకోసారి వేయమంటాం: ఉదయం 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6, రాత్రి 10. పడుకునేముందు మోతాదు పెంచి, అర్ధరాత్రి లేపే అవసరం లేకుండా చేయొచ్చు. ఎంత పెంచాలో మీ డాక్టరే చెప్పాలి.

వేళ కాకముందే నొప్పి తన్నుకొస్తే వేయాల్సిన అదనపు మాత్ర ఎంతో ముందే రాయించుకోండి. అది వేశాం కదా అని తర్వాతి వేళ మాత్ర మానకండి. ఏ మాత్ర ఎప్పుడు వేశారో నోటుబుక్కులో రాస్తూ ఉండండి. అదనపు మాత్ర రోజూ పదేపదే అవసరమవుతోందంటే అసలు మోతాదు చాలడం లేదన్నమాట. ఆ పుస్తకం చూస్తే డాక్టర్‌కు సగం పని తేలికవుతుంది. మార్ఫిన్ అన్ని మందుల షాపుల్లోనూ దొరకదు. అయిపోవడానికి వారం ముందే తెచ్చుకోండి.

ఇక పెదనాన్నగారి భయం. క్యాన్సర్ నొప్పికి డాక్టర్ చెప్పినట్టు వాడేవాళ్లు వ్యసనపరులు కావడం చాలా అరుదు. ఒంటికి మందు అలవాటవుతుంది కాబట్టి ఉన్నట్టుండి ఆపకూడదు, అంతే. సరైన మోతాదుతో మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచితే అది ఆయుష్షును తగ్గించదు. మరి ఈ మాట ఎలా పుట్టింది? చాలా ఇళ్లలో మార్ఫిన్‌ను ఆఖరి రెండు రోజుల దాకా మొదలుపెట్టరు. మనిషి పోయాక, జబ్బును మరిచిపోయి మందు మీద నింద వేస్తారు. పెదనాన్నగారిని ఒకసారి డాక్టర్ దగ్గరికి వెంట తీసుకెళ్లండి. నేరుగా వింటే ఆయన భయం తగ్గుతుంది.

మొదటి రెండు మూడు రోజులు మగతగా ఉండొచ్చు. వికారం ఉంటే సాధారణంగా వారంలో సర్దుకుంటుంది. మలబద్ధకం మాత్రం దానంతటది తగ్గదు. మొదటి మాత్రతోపాటే విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా మొదలుపెట్టాలి. లేపినా లేవకపోవడం, ఊపిరి బాగా నెమ్మదించడం, ఒళ్లు ఉలికిపడుతున్నట్టు అదరడం కనిపిస్తే వెంటనే డాక్టర్‌కు చెప్పండి. మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారిలో మందు ఒంట్లో పేరుకుపోయి ఇలా కావచ్చు.

ఇంకో రెండు మాటలు. క్యాన్సర్ పాకిన ఎముక నొప్పికి ఒక్కసారి ఇచ్చే రేడియేషన్‌తోనే చాలామందికి ఉపశమనం దొరుకుతుంది. మంటగా, కరెంటు షాక్ కొట్టినట్టుగా ఉంటే అది నరాల నొప్పి, దానికి వేరే మందులున్నాయి. నొప్పి ఎలా ఉందో నాన్నగారి మాటల్లోనే చెప్పండి. ఆయన కాళ్లు పట్టు తప్పినా, మూత్రం ఆగిపోయినా వెన్నుపాము నలుగుతోందని అనుమానించి అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి.

ప్రశ్న: మా అత్తమ్మకు కాలేయ క్యాన్సర్. వారం నుంచి రెండు చెంచాల జావ కూడా దిగడం లేదు. సెలైన్ పెట్టించకపోతే ‘కడుపు మాడ్చి పంపించారు’ అంటారని భయంగా ఉంది. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీరు మాడ్చడం లేదమ్మా. చివరి దశలో శరీరమే తిండిని వద్దంటుంది. అప్పుడు చాలామందికి ఆకలి తెలియదు. బలవంతంగా పెడితే వాంతులవుతాయి, పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆ దశలో ఎక్కించిన సెలైన్‌ను కూడా ఒళ్లు వాడుకోలేదు. కాళ్లు, పొట్ట ఉబ్బుతాయి, ఆయాసం పెరుగుతుంది.

ఆవిడను బాధపెట్టేది ఎక్కువగా నోరు ఎండిపోవడం. శుభ్రమైన మెత్తటి బట్టనో, దూదినో తడిపి గంటకోసారి నోరు తుడవండి. పెదాలకు వెన్న గానీ వాజలిన్ గానీ రాయండి. అడిగితే ఇష్టమైనది ఒక్క చెంచా నోట్లో పెట్టండి. వద్దంటే ఊరుకోండి. తులసి తీర్థం పోయాలనుకునేవాళ్లకు చెప్పండి, స్పృహ లేనప్పుడు నోట్లో పోయకుండా పెదాలకు చుక్క అద్దితే చాలు.

ప్రశ్న: నాయనమ్మ మాట్లాడలేని స్థితిలో ఉంది. నొప్పి ఉందో లేదో ఎలా తెలుస్తుంది? నిన్నటి నుంచి గొంతులో గరగర శబ్దం వస్తోంది. ఊపిరాడక అల్లాడుతోందా?
– ఒక యువకుడు, శ్రీకాకుళం

జవాబు: ముఖం చూడండి బాబూ. నుదురు ముడిపడి ఉందా? పక్కకు తిప్పినప్పుడు మూలుగుతోందా? దుప్పటి గట్టిగా పట్టుకుంటోందా? ఇవన్నీ నొప్పి ఆనవాళ్లే. మింగలేకపోతోందని నొప్పి మందు ఆపొద్దు. చర్మం కింద ఇచ్చే ఇంజెక్షన్ల వంటి దారులున్నాయి, మీ డాక్టర్‌ను అడగండి.

మింగలేని ఊట గొంతులో నిలిచి ఆ శబ్దం వస్తుంది. ముఖం ప్రశాంతంగా ఉంటే, వినేవాళ్లకున్నంత బాధ ఆమెకు ఉండదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల కొంచెం ఎత్తుగా ఉంచండి. ఊట తగ్గించే మందులూ ఉన్నాయి. పుండ్లు పడకుండా సుమారు రెండు గంటలకోసారి పక్క మార్చండి. మార్చేటప్పుడు నొప్పి వస్తుంటే అరగంట ముందు మందు ఇప్పించండి. ఆమెకు వినబడుతుందనే అనుకుని మాట్లాడండి.

ప్రశ్న: నేను డాలస్‌లో ఉంటాను. అమ్మ హైదరాబాద్‌లో ఉంది. హాస్పిస్‌లో చేర్చమని డాక్టర్లు చెప్పారు. కన్నతల్లిని వదిలించుకున్నట్టు ఉంటుందేమోనని మనసొప్పడం లేదు.
– ఒక సోదరుడు

జవాబు: హాస్పిస్ అంటే చివరి దశలో ఉన్నవారిని చూసుకునే చోటు. అక్కడ చేర్చడమంటే వదిలించుకోవడం కాదు, నొప్పి తీర్చడం తెలిసినవాళ్ల చేతుల్లో పెట్టడం. సిసిలీ సాండర్స్ అనే వైద్యురాలు 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టోఫర్స్ హాస్పిస్ తెరిచారు. ఒంటి బాధతోపాటు మనసు బాధ, ఇంటి దిగులు, దేవుడితో పేచీ, అన్నీ కలిసే నొప్పి అవుతాయని ఆమె చెప్పారు. నా రోగుల్లోనూ అదే చూస్తుంటాను. ఎంత మందు పెంచినా తగ్గని నొప్పి, మనవరాలి పెళ్లి కుదిరిందన్న రోజు సగం తగ్గుతుంది.

హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో పాలియేటివ్ కేర్ విభాగం, అంటే నయం కాని జబ్బులో బాధ తగ్గించే విభాగం ఉంది. స్పర్శ్ హాస్పిస్ ఉచితంగా సేవలందిస్తోంది. తెలంగాణలో పలు జిల్లా ఆస్పత్రుల్లోనూ పాలియేటివ్ కేర్ కేంద్రాలున్నాయి. ఇంటికొచ్చి చూసే బృందాలూ ఉన్నాయి. అమ్మకు ఇల్లు వదలడం ఇష్టం లేకపోతే ముందు వాటిని అడగండి. ఏదైనా ఆమెను అడిగే నిర్ణయించండి.

నొప్పి తగ్గితే ఆమె మీతో మాట్లాడగలుగుతుంది. కబురొచ్చాక టికెట్ కొనే బదులు, ఆమె మాట్లాడగలిగే ఈ రోజుల్లోనే రండి.