నొప్పి చెప్పని సంగతి లెక్క చెబుతుంది

కాలికి ముల్లు గుచ్చుకుంటే చటుక్కున కాలు వెనక్కి తీసుకుంటాం. నొప్పి మన శరీరానికి కాపలాదారు. చాలా ఏళ్లుగా మధుమేహం, అంటే షుగరు వ్యాధి ఉన్న కొందరిలో ఈ కాపలా పనిచేయదు. రక్తంలో చక్కెర ఎక్కువగా ఉండడం వల్ల పాదాల్లోని నరాలు దెబ్బతిని స్పర్శ తగ్గిపోతుంది. చెప్పులో చిన్న రాయి ఉన్నా తెలియదు. దానిమీదే రోజంతా నడుస్తారు. చర్మం చిట్లి పుండు పడుతుంది. కాలి రక్తనాళాలు కూడా పూడుకుపోతే ఆ పుండుకు రక్తం సరిగా అందదు. చీము పట్టి ఎముక దాకా పాకితే వేలో, పాదమో తీసివేయవలసి రావచ్చు.

2023లో వెలువడిన ఐ.సి.ఎం.ఆర్. అధ్యయనం ప్రకారం మన దేశంలో మధుమేహం ఉన్నవారు సుమారు 10 కోట్ల మంది. మనలో చాలామంది ఇళ్లలో తాతయ్యకో, అమ్మమ్మకో ఈ వ్యాధి ఉంటుంది.

మామూలు దెబ్బ అయితే నొప్పి తగ్గుతుంటే మానుతోందని అనుకుంటాం. స్పర్శ లేని పాదంలో ఆ గుర్తు పనికిరాదు. "నొప్పి లేదుగా, తగ్గిపోతుందిలే" అనుకోవడమే అసలు ప్రమాదం. అందుకే వైద్యులు పుండును కొలుస్తారు.

ఎలా కొలుస్తారు?

ముందు పుండును శుభ్రం చేసి, చచ్చిన చర్మం తొలగిస్తారు. తరువాత స్కేలుతో అన్నిటికన్నా ఎక్కువ పొడవును, దానికి లంబంగా ఎక్కువ వెడల్పును కొలిచి రెండింటినీ గుణిస్తారు. పొడవు 4 సెం.మీ., వెడల్పు 3 సెం.మీ. అయితే వైశాల్యం 12 చదరపు సెం.మీ. అని రాసుకుంటారు.

ఇక్కడ ఒక చిక్కుంది. పొడవును వెడల్పుతో గుణిస్తే వచ్చేది దీర్ఘచతురస్ర వైశాల్యం. పుండుకు మూలలు ఉండవు కదా! అది దాదాపు కోడిగుడ్డు ఆకారంలో ఉంటే అసలు వైశాల్యం ఆ లబ్ధంలో మూడు వంతులకు కాస్త ఎక్కువ ఉంటుంది. అంటే 12 కాదు, సుమారు 9 మాత్రమే.

రెండో పద్ధతి మీకు తెలిసినదే. పారదర్శక కాగితంపై పుండు అంచు గీసి, దానిని గళ్ల కాగితం మీద పెట్టి గళ్లు లెక్కిస్తారు. నిండు గడి ఒకటి, సగానికి మించినదీ ఒకటి, సగమే ఉన్నది అర, సగం కంటే తక్కువైతే సున్నా. గణితం తరగతిలో ఆకు వైశాల్యం కనుక్కున్న పద్ధతే ఇది. ఇప్పుడు ఫొటో తీసి కంప్యూటరుతో లెక్కించే విధానాలు కూడా వచ్చాయి. పుండు లోతును వైద్యులు విడిగా చూస్తారు.

ముందే ఎలా చెబుతారు?

మొదటి వైశాల్యంలోంచి ఇప్పటి వైశాల్యం తీసివేసి, మొదటి వైశాల్యంతో భాగించి, 100తో గుణిస్తే తగ్గుదల శాతం వస్తుంది. అమెరికాలో 203 మంది రోగులపై జరిపి 2003లో ప్రచురించిన అధ్యయనం ఈ శాతం విలువను చూపింది. అందులో తేలిన గీటు 53 శాతం. నాలుగు వారాల్లో అంతకుమించి తగ్గినవారిలో 58 శాతం మందికి 12 వారాలకల్లా పుండు పూర్తిగా మానింది. అంతకన్నా తక్కువ తగ్గినవారిలో మానింది 9 శాతం మందికే.

ఇది జాతకం కాదని గమనించండి. గీటు దాటినవారిలోనూ 42 శాతం మందికి ఆ గడువులో మానలేదు. దాటనివారిలో కొందరికి మానింది. అయితే నాలుగు వారాలకు పుండు సగమైనా తగ్గకపోతే వైద్యులు ఊరికే వేచి ఉండరు. పుండు మీద బరువు పడుతోందా, రక్తం అందుతోందా, చీము ఉందా, చక్కెర అదుపులో ఉందా అని మళ్లీ పరీక్షించి చికిత్స మారుస్తారు. పన్నెండు వారాలు ఆగి తెలుసుకోవలసినది నాలుగు వారాలకే తెలిస్తే ఎనిమిది వారాలు కలిసివస్తాయి. ఆ ఎనిమిది వారాలే పాదాన్ని కాపాడవచ్చు.

బదిలీ అయితే?

ఒక ఊళ్లో తాతయ్య పుండును పొడవు, వెడల్పులతో కొలిచి 12 అని రాశారనుకోండి. ఇంతలో నాన్నగారికి బదిలీ అయింది. నాలుగు వారాలకు కొత్త ఊరి ఆసుపత్రిలో గళ్లు లెక్కించి 6 అన్నారు. "సగం తగ్గింది" అని ఇంట్లో అందరూ సంతోషిస్తారు. కానీ గళ్ల లెక్కలో మొదటి వైశాల్యం సుమారు 9. అది 6 అయిందంటే తగ్గింది 33 శాతమే! మార్చవలసిన చికిత్స మార్చకుండా ఉండిపోతుంది. కొలత ఎంత ముఖ్యమో, ప్రతిసారీ ఒకే పద్ధతిలో కొలవడం కూడా అంతే ముఖ్యం.

కాబట్టి ఒక చిన్న నోటుపుస్తకం పెట్టండి. తేదీ, పొడవు, వెడల్పు, వైశాల్యం, కొలిచిన పద్ధతి అని గడులు గీయండి. కొలిచేది నర్సో, డాక్టరో. మీరు పుండును ముట్టుకోవద్దు. అంకెలు అడిగి రాయడం, శాతం కట్టడం మీరు చేయగల పని. పుండు లేకపోయినా రోజూ పెద్దవారి అరికాళ్లు, వేళ్ల సందులు చూడండి. చెప్పులు తొడుక్కునే ముందు దులిపి ఇవ్వండి. ఎర్రగా కందినా, బొబ్బ కనిపించినా వెంటనే అమ్మానాన్నలకు చెప్పండి.

బదిలీ అయినప్పుడు టీ.సీ., మార్కుల జాబితా జాగ్రత్తగా పట్టుకెళతాం కదా! తాతయ్య నోటుపుస్తకాన్ని కూడా ఆ ఫైలులోనే పెట్టండి.